పసిపిల్లల గది, పల్లికాయ మూటలు

ఎలుక అంటే నాకు భయం లేదు. గోపాల్‌పేట దగ్గరి పల్లెలో, పల్లికాయ బస్తాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. దూలాల మీద ఎలుకలు పరుగెడుతుంటే మా నాన్న నిద్రలోనే కర్ర తీసి మంచం కోడు మీద రెండు దెబ్బలు కొట్టి, మళ్లీ గురక పెట్టేవాడు. నాకు ఒళ్లు మండేది ఎలుకను చూసి కాదు. "దవాఖాన అన్నంక ఎలుకలుండవా సిస్టర్" అని నవ్వేవాళ్లను చూసి. ఉద్యోగంలో తల నెరిసేదాకా ఆ మాట విన్నాను. ఆ చలికాలం తర్వాత మాత్రం నా ముందు ఎవరినీ అననివ్వలేదు.

అప్పటికి వనపర్తి నుంచి బదిలీ మీద నల్లమల అంచున ఉన్న ఒక దవాఖానకు వచ్చాను. ఊరి పేరు ఎందుకులెండి. కాన్పుల వార్డుకు నేనే పెద్ద నర్సును. వార్డు చివర అద్దాల తలుపున్న చిన్న గది ఒకటి ఉండేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను, బరువు తక్కువ పిల్లలను అందులో వెచ్చటి దీపాల కింద ఉంచేవాళ్లం. తల్లులు మాత్రం తలుపు బయట బల్ల మీద కూర్చునేవాళ్లు. లోపల గుంపు కాకూడదని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి అది.

పల్లికాయ పీకుడు మొదలైన రోజుల్లో, అడవి లోపల చెంచులుండే చిన్న గూడెం, పెంట అంటారు, అక్కడి నుంచి తొలి చూలు పిల్లను జీపులో తెచ్చారు. వెంట అత్త తప్ప ఎవరూ రాలేదు. ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండకుండానే. నా రెండు అరచేతుల్లో ఇమిడిపోయింది. పాలు పీల్చే బలం లేదు, ముట్టుకుంటే ఒళ్లు చల్లగా తగిలేది. వెచ్చగా ఉంచి, సన్నటి గొట్టంతో పాలు పోసి, కాస్త బరువు పెరిగేదాకా కాపాడితే బతుకుతుంది. ఆ చలిలో అడవికి తీసుకుపోతే బతకదు. మా పెద్ద డాక్టరుగారు ఆ మాట అత్తాకోడళ్లకు విడమరిచి చెప్పారు. ఇద్దరూ తలూపారు.

ఒకనాడు పొద్దున ఆ తల్లి అద్దంలోంచి బిడ్డనే చూస్తూ కూర్చుంది. లోపల గోడ వారన ఒక ఎలుక వచ్చింది. బిడ్డ ఉన్న దీపం కింద ఆగి, వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. తల్లి అరవలేదు. లేచి లోపలికి పోయి, బిడ్డను తీసి రవికెలోకి పెట్టుకుని, కొంగు చుట్టుకుని నడిచింది. వార్డు ఆయమ్మ కేక విని నేను పరుగెత్తేసరికి గేటు దగ్గరికి చేరింది. వెనకాల అత్త మూట పట్టుకుని నడుస్తోంది.

"యాడికి పోతున్నవ్ బిడ్డా? చలి గాలి తగిలితె పిల్ల దక్కుతదా?" అన్నాను దారికి అడ్డం నిలబడి.

"మా గుడిసెల గూడ ఎలుకలున్నయక్కా," అంది ఆమె మెల్లగా. "గాని ఆడ పిల్ల నా రొమ్ము మీద పంటది. ఎలుక వస్తె నేను జూస్త. ఈడ మీరు అద్దాల రూంల వెట్టి నన్ను బయట కూసోవెట్టిన్రు. ఈడ ఎవలు జూస్తరు?"

ఆ సమయానికి లోపల ఉండాల్సిన నర్సు మందుల గదిలో ఉంది. ఒక్క మనిషి ఎన్నని చూస్తుంది అని నాలో నేనే అనుకున్నాను కానీ, ఆ మాట ఆ తల్లికి చెప్పడానికి సిగ్గేసింది. "నాకు జర టైమియ్యి. ఎలుక మల్ల ఆ రూం దిక్కు వస్తె నేనే జీపు మాట్లాడి పంపిస్త," అన్నాను.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "కనవడకుంటె రానట్టేనా? ఎలుక నీకు చెప్పి వస్తదా?"

అదీ న్యాయమే. అప్పుడు మా అమ్మ చేసే పని గుర్తొచ్చింది. పల్లికాయ పోసిన గది గుమ్మంలో పలచగా బూడిద చల్లేది. తెల్లారి అడుగులు చూసి ఎలుక ఎటు నుంచి వస్తోందో చెప్పేది. "గుమ్మాల కాడ ముగ్గుపిండి చల్లిస్త. పొద్దుగాల నువ్వే వచ్చి సూడు. అడుగులు పడితె దాచేదేం లేదు," అన్నాను అత్తతో. కోడలు అత్త వైపు చూసింది. అత్త మూట కింద పెట్టింది. ఆ పూటకు బిడ్డ వెచ్చటి దీపం కిందికి తిరిగి వచ్చింది.

నేను నేరుగా పెద్ద డాక్టరు గదికి పోయి రెండు సంగతులు అడిగాను. తల్లి లోపలే కూర్చుంటుంది, బిడ్డను ఎదకు కట్టుకుని. ఆయన, బిడ్డ ఊపిరి బాగానే ఉంది కదా, అలా కట్టుకుంటే మంచిదే అని ఒప్పుకున్నారు. రెండోది, ఎలుకల సంగతి.

"మందు పెట్టిద్దాం సిస్టర్," అన్నారాయన.

"పోయినేడు పెట్టిచ్చిన్రు గద సార్. తిన్న ఎలుక పైకప్పు సందుల పోయి సచ్చింది. ఆ కంపుకు బాలింతలందర్నీ వరండాల పండవెట్టినం. మందు తిన్న ఎలుక పిల్లల మీద పడితె ఏం జేస్తరు?"

"మరి పైకి రాసి పంపుదాం, మరమ్మతులకు."

"మీరు రాసుకుంట ఉండున్రి సార్. నేను మేస్త్రీని పిలుస్త."

ఆయన నవ్వారు. మంచి మనిషే. కానీ మంచితనం చూసి ఎలుక వెనక్కి పోదు కదా. ఆ సాయంత్రం ఆయమ్మా నేనూ కలిసి వార్డులోని ప్రతి గుమ్మం దగ్గర ముగ్గుపిండి పలచగా చల్లాం. పసిపిల్లల గది లోపల మాత్రం చల్లలేదు. వాళ్ల ఊపిరికి మంచిది కాదు.

తెల్లారి అత్త నాకంటే ముందే లేచి గుమ్మాల దగ్గర వంగి చూస్తోంది. అడుగులు చిన్న చిన్న పూలు రాల్చినట్టు వరసగా పడి ఉన్నాయి. ఎలుకలు బయటి మోరీలోంచి, ఆ మురుగు కాలువలోంచి వస్తున్నాయని మేమంతా అనుకుంటూ వచ్చాం. మోరీ వైపు గుమ్మంలో ముగ్గు ఎక్కడిదక్కడే ఉంది. అడుగులన్నీ పసిపిల్లల గది పక్కనున్న బట్టల గదిలోంచి బయల్దేరి, మళ్లీ అందులోకే పోయాయి.

బట్టల గదిలో దుప్పట్లు, పిల్లల తువ్వాళ్లు పెట్టేవాళ్లం. వాటితో పాటు ఇంకొకటి కూడా ఉండేది. మా వైపు ఒక అలవాటు ఉంది. ఆ దవాఖానలో బిడ్డ పుట్టి, తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి పోతే, కొత్త పంట రాగానే ఆ ఇంటివాళ్లు వార్డుకు పల్లికాయ మూట తెచ్చి ఇస్తారు. "మా పిల్ల పుట్టిన తావు, నోరు తీపి చేసుకోన్రి" అని చేతిలో పెట్టి పోతారు. డబ్బిస్తే తిట్టి పంపేవాళ్లం కానీ, పల్లికాయను ఎవరు కాదంటారు? ఆయమ్మ వాటిని బట్టల గదిలో గోడకు పేర్చి, తీరిక దొరికినప్పుడు అందరికీ పంచేది. ఎవరి వాటా సంచి వాళ్లది. అందులో నాదీ ఉంది.

నా సంచినే ముందు లాగాను. అడుగున చిరిగి పొట్టు రాలింది. దాని వెనక తువ్వాళ్ల పీలికలు, దూదితో కట్టిన మెత్తని గూడు, అందులో ఎర్రటి కూనలు. చంటిపిల్లలకు ఉతికి మడిచిన బట్టలే అవి. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఎలుకను బయట వెతుకుతూ, ఇంట్లో కూర్చోబెట్టి మేపాం.

ఆ రోజు మూటలన్నీ, ఆ గూడుతో సహా, బయటికి పోయాయి. బట్టలన్నీ ఉడికించి, మూతలున్న పెట్టెల్లో పెట్టించాను. మేస్త్రీ వచ్చి, నీళ్ల గొట్టాలు గోడలోంచి వచ్చే సందుల్లో ఇనుప జాలి కుక్కి సిమెంటు వేశాడు. తలుపుల అడుగున రేకు పట్టీలు కొట్టాడు. కప్పు మీదికి వాలిన చెట్టు కొమ్మలు నరికించాను. "దవాఖాననా, జైలా మేడం?" అన్నాడు మేస్త్రీ నవ్వుతూ. "ఎలుకలకు జైలే. జాలి జర గట్టిగ కుక్కు," అన్నాను.

అన్నిటికంటే కష్టమైంది వరండా. పీకుడు రోజుల్లో రోగుల వెంట వచ్చినవాళ్లు ఊరికే కూర్చోరు. పల్లికాయ సంచి విప్పి, ఒలుచుకుంటూ, తింటూ, ముచ్చట్లు పెట్టుకుంటారు. పొట్టు మంచాల కిందికి, గింజలు గోడ సందుల్లోకి. ఒక పెద్దాయన దగ్గరికి పోయి బయటి షెడ్డులో కూర్చుని ఒలుచుకోమన్నాను.

"పల్లికాయ ఒలుసుడు గూడ తప్పేనామ్మా? మేమేం సారా తాగుతలేం గద," అన్నాడు.

"తప్పు గాదు పెద్దాయనా. నీ మనుమడి మంచం కింద ఎలుకకు బువ్వ వెడుతున్నవ్. గంతే."

ఆయన మంచం కిందికి వంగి చూసి, సంచి ఎత్తుకున్నాడు. షెడ్డులో చాపలు వేయించాం. అన్నం గిన్నెలకూ అక్కడే చోటు. చెత్త డబ్బా పొద్దు గూకకముందే ఖాళీ కావాలి. ఇక కొత్త మూటలు ఎవరైనా తెస్తే, గేటు బయట పెద్ద గిన్నెలో ఉప్పేసి ఉడకబెట్టి, అక్కడున్న అందరికీ ఆ పూటే పెట్టేయమన్నాను. లోపలికి గింజ రాకూడదు. ఆయమ్మ మూతి ముడుచుకుంది. "సంతోషంగ తెస్తరు మేడం, గుమ్మంల నిలవెడితె మనసు నొచ్చుకుంటరు." నొచ్చుకోనీ అన్నాను.

తిండి దొరకని ఎలుకే బోనులోకి వస్తుంది. ఇన్నాళ్లూ మేం వార్డులో పెట్టిన బోనుల్లో రొట్టెముక్క ముట్టనివి, ఇప్పుడు ఒకటొకటిగా పడ్డాయి. రోజూ పొద్దున అత్త ముగ్గు చూసేది, నేనూ చూసేదాన్ని. అడుగులు తగ్గాయి, తర్వాత లేవు. లోపల కోడలు బిడ్డను ఎదకు కట్టుకుని కూర్చునేది. కూర్చున్నచోటే కునుకు తీసేది, చిన్న చప్పుడైనా కళ్లు తెరిచేది. ఎదకు కట్టుకోని వేళల్లో దీపం కింద పెట్టి, పక్కనే నిలబడేది. అన్నం కూడా అత్త వచ్చి బిడ్డ దగ్గర నిలబడితేనే తినేది. దవాఖాన వాళ్లం ఎంతమంది ఉన్నా ఆమె లెక్కలో లేము.

అంతా కుదురుకుందని నేను కాస్త ఊపిరి పీల్చుకున్నానో లేదో, ఒకనాడు పొద్దున మళ్లీ అడుగులు పడ్డాయి. ఈసారి పసిపిల్లల గది గుమ్మం దాకా. రేకు పట్టీ ఆపింది కాబట్టి లోపలికి పోలేదు. అత్త అప్పటికే మూట కట్టేసింది. కోడలు లేచి నిలబడి ఉంది, కొంగు బిడ్డ చుట్టూ బిగించి.

అడుగుల వెంట పోతే బట్టల గది తలుపు వారగా తీసి ఉంది. లోపల కొత్త మూట. ఆయమ్మ ముఖం చూడగానే తెలిసిపోయింది. "అచ్చంపేట దిక్కు ముసలామె మేడం. మనుమడు ఈడనే పుట్టిండు. గంత దూరం బస్సుల మోసుకొచ్చింది. ఉడకవెట్టి అందరికి వంచుతమంటే ఏడ్చింది, మీ కోసమే దెచ్చిన అని. నాకు నోరు రాలే. పొద్దుగాల తీస్తననుకున్న," అంది.

నా నోటికి వచ్చినవన్నీ అన్నాను. అవి ఇక్కడ రాయలేను. ఆమె కళ్ల నీళ్లు పెట్టుకుంది. జాలి పడలేదు నేను. ఇప్పుడు ఆ తల్లికి ఏం చెప్పాలి? మోరీ నుంచి వచ్చిందని చెప్పొచ్చు. గాలికి తలుపు తెరుచుకుందని చెప్పొచ్చు. అలా చెబుదామని పక్కనున్న నర్సు అననే అంది. నేను ఆయమ్మ చెయ్యి పట్టుకుని పసిపిల్లల గదికి తీసుకుపోయాను. "నాకు చెప్పినట్టే ఈ పిల్లకు చెప్పు. ఒక్క మాట తగ్గొద్దు," అన్నాను.

ఆయమ్మ చెప్పింది. ముసలామె ఏడ్చిన సంగతి, తలుపు వెయ్యడం మరిచిన సంగతి, అంతా. చివరికి "తప్పు నాదే బిడ్డా" అంది. ఇక ఆ తల్లిని ఆపడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఇచ్చిన మాట ప్రకారం జీపు మాట్లాడాలి. జేబులోంచి ఫోను తీశాను.

"మూట ఏడుంది?" అని అడిగింది ఆ పిల్ల.

"బయట వడేసిన," అంది ఆయమ్మ.

"తలుపు?"

"ఏసిన. తాళం గూడ ఏసిన."

కోడలు అత్త వైపు తిరిగింది. "ఇప్పుకో అత్తా మూట. ఇంకొన్ని దినాలు సూద్దాం." ఎందుకని నేను అడగలేదు. అబద్ధం చెప్పి ఉంటే ఆ మాట వచ్చేది కాదని మాత్రం నాకు బాగా తెలుసు.

ఆ తర్వాత ముగ్గు చెదరలేదు. బట్టల గది తాళంచెవి నా నడుముకే ఉండేది. బిడ్డ గొట్టం వదిలి రొమ్ము పట్టడం నేర్చుకుంది, ముందు కాసేపే, తర్వాత ఆకలి తీరేదాకా. చెంపలు పూడుతున్నాయి. ఒక మధ్యాహ్నం అత్త మందుల కోసం బయటికి పోయింది. నేను మందులు సర్దుతుంటే ఆ పిల్ల వెనక నుంచి వచ్చింది. బిడ్డ చేతుల్లో లేదు. దీపం కింద పడుకోబెట్టి వచ్చింది. బిడ్డ పుట్టిన నాటి నుంచి ఆమె ఒళ్లు కడుక్కున్నది కూడా హడావిడిగానే, అత్తను కాపలా పెట్టి.

"అక్కా, ఎండ మంచిగున్నది. తలకు వోసుకొని వస్త," అంది. "జర పిల్లను జూడు."

చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా నీళ్ల గది వైపు పోయింది. నేను మందుల పళ్లెం అక్కడే వదిలేసి, ముక్కాలి పీట లాక్కుని బిడ్డ పక్కన కూర్చున్నాను. ఆమె తల ఆరబోసుకుని వచ్చేదాకా లేవలేదు.