దీవెన ఎడమ కన్ను

పద్దెనిమిదేళ్ళుగా ఒక పిల్ల కళ్ళు మోస్తున్నాను. మిరప టిక్కీ బస్తా అయితే ఎక్కడో ఒకచోట దించి నడుం వాల్చవచ్చు. దీన్ని దించే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. నేను ఐదో తరగతి దాకానే చదివాను, రాతలో తప్పులుంటే సర్దుకోండి. చెప్పేదాంట్లో మాత్రం ఈసారి తప్పు ఉండదు.

మాది మార్టూరు దగ్గర రోడ్డు మీది ఊరు. మా ఆయనకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ఆయన పక్షవాతంతో మంచాన పడ్డాక కెమెరా నా మెడలోకి వచ్చింది. రీలు తగలేసి నేర్చుకునే రకం కాదు నేను. ఆరు నెలలు ఖాళీ కెమెరాతోనే నేర్చుకున్నాను. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలను పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి అద్దంలోంచి చూసేదాన్ని. నడినెత్తి ఎండలో ఎరుపంతా వెలవెలబోయేది. పొద్దు వాలుతుంటే ఒక్కో కాయ మీద ఒక మెరుపు, పక్కన చిన్న నీడ. వెలుగంటే ఏమిటో నాకు ఆ కాయలే నేర్పాయి.

రీలు వేయడం మొదలుపెట్టాక ఒక నియమం పెట్టుకున్నాను. దేనికైనా ఒకటే నొక్కు. రెండోది దండగ. "ఆవిడ ఒక్కసారే తీస్తుంది, ఊపిరి బిగబట్టుకోండి" అని ఊళ్ళో నవ్వేవాళ్ళు. ఆ మాటకు పైకి ముఖం ముడుచుకునేదాన్ని గానీ లోపల పొంగిపోయేదాన్ని.

పద్దెనిమిదేళ్ళ కిందట క్రిస్మస్‌కు చర్చి వాళ్ళు పిలిచారు. నేను వాళ్ళ మతం కాదు, పని కోసం వెళ్ళాను. దేవదూతల వేషాల్లో పన్నెండు మంది ఆడపిల్లలు. తెల్ల గౌన్లు, వీపుకు అట్ట రెక్కలు. వరసలో నిలబెట్టాను. నొక్కబోయే క్షణంలో చివరి పిల్ల రెప్పలు వాలడం చూశాను. చూశాను, వేలు ఆగలేదు. ఇంకొకటి తీయవచ్చు. రీలులో మిగిలి ఉన్నాయి కూడా. "అయిపోయింది, పదండి" అన్నాను. పన్నెండు మందిలో ఒక్కతే కదా అనుకున్నాను. ఆ చివర నిలబడింది పత్తి జిన్నింగు మిల్లు ఓనరు కూతురై ఉంటే అలాగే అనుకునేదాన్నా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. జవాబు నాకు తెలుసు.

మిరప కోతలు జోరుగా సాగే రోజుల్లో ఆ పిల్ల తల్లి రాహేలమ్మ వచ్చింది. చేలోంచి నేరుగా వచ్చినట్టుంది, చేతుల నిండా కాయల ఘాటు. కూతురు దీవెన జ్వరంతో పోయిందని చెప్పింది. ఏడేళ్ళ పిల్ల. ఇంట్లో ఒక్క ఫొటో కూడా లేదు. క్రిస్మస్ ఫొటోలోంచి దాని ముఖం ఒక్కటి పెద్దది చేసి ఇమ్మంది.

నెగెటివ్ తీసి చూస్తే మూసిన కళ్ళు. చర్చికిచ్చిన గుంపు ఫొటోలో ముఖాలు చిన్నవి, అది ఎవరి కంటా పడలేదు. అలాగే ఇస్తే శవాన్ని చేతిలో పెట్టినట్టుంటుంది అనిపించింది. అప్పటికే చీరాలలో ఒక ల్యాబ్‌లో కూర్చుని, కంప్యూటర్‌లో ఫొటోలు దిద్దడం నేర్చుకుని ఉన్నాను. పక్కన నిలబడ్డ పిల్ల కళ్ళు తీసి దీవెనకు పెట్టాను. రెప్పల అంచులు, కింద నీడ, నల్లగుడ్డులో మెరుపు, అన్నీ కుదిరాయి. అంత బాగా అంతకుముందెప్పుడూ చేయలేదు. సంబరపడ్డాను. పోయిన పిల్ల ముఖం మీద పని చేస్తూ సంబరపడ్డాను.

రాహేలమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"కన్ను సూటిగా ఉందేంటి అమ్మగారూ?"

"ఏ కన్ను?"

"ఎడమదండీ. మా దానికి మెల్లకన్ను గదా, ముక్కు వైపుకి తిరిగి ఉండేది. పిల్లకాయలు 'ఏమే, మమ్మల్ని చూస్తున్నావా, గేదెను చూస్తున్నావా' అని ఏడిపించేవాళ్ళు. ఇదేం తక్కువది కాదు. 'రెండిట్నీ చూస్తన్నా, నీకు చాతవుద్దా' అనేది."

రెక్కలు సర్దాను, వరస సర్దాను. వాలిన రెప్పలు తప్ప ఆ పిల్ల ముఖం చూడలేదు.

"ఆ రోజు సూటిగానే చూసింది" అన్నాను.

"మీరు చూశారా అమ్మగారూ?"

"నా కళ్ళతో చూశాను. కెమెరా ఉన్నదే తీస్తుంది."

ఆమె ఫొటోను కొంగులో చుట్టుకుంది. డబ్బులు వద్దన్నాను. నేను డబ్బులు వద్దనడం ఊరు అంతవరకు వినలేదు. జాలి అనుకున్నారు. నేను కూడా ఇన్నాళ్ళూ జాలి అనే చెప్పుకున్నాను. కొంచెం జాలి ఉంది, లేదనను. కానీ రెండోసారి ఎందుకు నొక్కలేదని అడిగితే ఏం చెప్పాలన్న భయం, నా పనికి పేరు పోతుందన్న భయం, ఇవి జాలి కంటే చాలా పెద్దవి. వాటిని జాలి వెనక దాచి పెట్టాను.

మళ్ళీ క్రిస్మస్ వచ్చింది. చర్చిలో రాహేలమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. వాళ్ళలో దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెబుతారు. "దేవుడు నా బిడ్డను పిలుచుకునే ముందు దాని కన్ను సరిచేశాడు. స్టూడియో అమ్మగారు కళ్ళారా చూశారు. అదుగో, అక్కడే ఉన్నారు" అంది. తలలన్నీ నా వైపు తిరిగాయి. నేను కెమెరాను ముఖానికి అడ్డం పెట్టుకుని ఫ్లాష్ కొట్టాను.

ఆ తరవాత కూడా ఆమె ఏటేటా అదే చెప్పింది. నేను ఏటేటా కెమెరా వెనక నిలబడ్డాను.

నిరుడు, ఆనాడు దీవెన పక్కన నిలబడ్డ ఆ పిల్ల పెళ్ళి ఫొటోలకు నా స్టూడియోకే వచ్చింది. లెన్సులోకి సూటిగా చూసింది. నాకు ఆ ముఖంలో ఏడేళ్ళ పిల్ల కనబడింది, అట్ట రెక్కలతో. ఆ రోజు కెమెరా కోడలికిచ్చేసి మళ్ళీ ముట్టుకోలేదు. వయసైపోయిందని అందరితో అన్నాను.

పోయిన వారం రాహేలమ్మ వచ్చింది. గోడ చెమ్మకు ఫొటో పాడైందట, కొత్తది కావాలట. కూర్చుని మంచినీళ్ళు తాగి, మామూలుగా అంది. "ఒకటుందమ్మగారూ. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే ఈ ఫొటోలో ముఖమే వస్తంది. మెల్లకన్నుతో ఎట్టా ఉండేదో ఎంత తలుచుకున్నా రావట్లేదు."

కన్నతల్లికి కన్నబిడ్డ ముఖం లేకుండా చేశాను. ఈ వాక్యం రాయడానికి రెండు రోజులు పట్టింది.

నేను ఏదీ పారేసే మనిషిని కాను. ఆ నెగెటివ్ బిస్కెట్ల డబ్బాలో అలాగే ఉంది. ఏమీ దిద్దకుండా ప్రింటు తీయమని కోడలికి చెప్పాను. "కళ్ళు మూసుకుంది గదత్తయ్యా, తెరిపించనా?" అంది. వద్దన్నాను. ఇప్పుడు రెండు ఫొటోలూ నా ముందున్నాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక రాహేలమ్మ వస్తుంది. ఏది ఆమె చేతికిస్తానో నాకు ఇంకా తెలియదు. ఒకదాంట్లో వేరే పిల్ల కళ్ళు. ఇంకోదాంట్లో వాలిన రెప్పలు. ఆమె వెతుక్కుంటున్న కన్ను రెండింట్లోనూ లేదు. నిజం చెప్పినా దాన్ని తెచ్చివ్వలేను. ఆ రోజు ఇంకొక్కసారి నొక్కి ఉంటే ఉండేది, ముక్కు వైపుకు తిరిగి, నన్నూ గేదెనూ ఒక్కసారే చూస్తూ.

నేను చూడలేదు. చూశానని చెప్పాను. ఈ మాట మొదటిసారి నా చేత్తో రాశాను.