గడప లేని ఇంటికి వేపమండ

అరవైల మొదట్లో పులికాటు ఒడ్డున మా గుడిసె గాలివానకు కొట్టుకుపోయింది. వరికోతల కూలికని బుచ్చిరెడ్డిపాలెం వచ్చాం. కోతలయ్యాక పోయే చోటు లేక సంత మూలనున్న రేకుల కొట్టం కింద ఉండిపోయాం. అమ్మ, నాన్న, నేను, తమ్ముడు. గోడలు లేవు. బస్తాలు మోసేవాళ్లు, ఆవులు, బడికెళ్లే పిల్లలు, అందరికీ దారి మా మధ్యలోంచే. నేను తల దువ్వుకుంటుంటే ఒకావిడ నన్ను దాటుకునే వెళ్లింది, మాటైనా లేకుండా.

వారానికోసారి సర్కారు ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చేది. ఇల్లూ వాకిలీ లేనివాళ్లను వెతుక్కుంటూ వచ్చి, పుళ్లు కడిగి, మందులిచ్చి పోయేది. అంతవరకు బాగానే ఉండేది. కానీ ఆవిడ మా చాప అంచు దగ్గర ఆగి, చెప్పులు విడిచి, గట్టిగా పిలిచేది.

“ఇంట్లో ఎవురుండారమ్మా? లోపలికి రావచ్చునా?”

ఉల్లిపాయలమ్మేవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. “తలుపు తియ్యి పాపా, చుట్టాలొచ్చినారు!” అని నన్ను ఆటపట్టించేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడ మీదే ఒళ్లు మండేది. మాకు ఇల్లు లేదని అంత కేక పెట్టి చాటాలా? ఆవిడొచ్చే రోజు బస్తాల వెనక దాక్కునేదాన్ని.

ఎండలు ముదిరాక తమ్ముడికి అమ్మవారు పోసింది. ఒంటినిండా మశూచి బొబ్బలు. అమ్మ వాణ్ణి పాత చీర కప్పి దాచింది. తెలిస్తే వెళ్లగొడతారు. ఆ ఎండలో, ఆ జ్వరంతో వాణ్ణి మోసుకుని ఎక్కడికని పోతాం? అమ్మకు ఇంకో దిగులు కూడా ఉంది. అమ్మవారు వచ్చిన ఇంటి గుమ్మానికి వేపమండ కట్టాలి. కట్టకపోతే ఆ తల్లికి కోపం. మాకు గుమ్మం ఏదీ?

నర్సమ్మ వచ్చి, వాడి మీది చీర తొలగించి చూసింది. మా ముగ్గురికీ టీకాలు వేసింది. సంతను చూసుకునే మేస్త్రీ కర్ర పట్టుకుని తరమడానికి వస్తే ఎదురు నిలబడింది.

“ఈళ్లని తరిమితే పోయినచోటంతా అంటుకుంటుంది. ఈడనే ఉండాల. ఎవురూ దగ్గరికి రాకుండా నువ్వే చూసుకోవాలన్నా.”

తర్వాత రెండు వెదురు కర్రలు తెప్పించి, తను ఎప్పుడూ ఆగే చోటే పాతించింది. వాటి మధ్య తాడు కట్టి వేపమండలు వేలాడదీశారు. జనం దూరంగా ఉండాలని ఆవిడ, అమ్మవారి కోసమని అమ్మ, ఇద్దరూ కలిసే కట్టారు.

ఆ రోజు నుంచి ఒక్కరూ మా మధ్యలోంచి నడవలేదు. బస్తాలవాళ్లు చుట్టూ తిరిగి పోయారు. ఉల్లిపాయలమ్మేవాళ్లు మండలకు అవతలే నిలబడి, “అమ్మా, పిలగాడికెట్టుంది?” అని అడిగి, మజ్జిగ ముంత అక్కడే పెట్టి పోయేవాళ్లు. నేను మండలకు ఇవతల కూర్చుని తీరిగ్గా జడ వేసుకునేదాన్ని.

తమ్ముడు బతికాడు. తలకు నీళ్లు పోసి మండలు తీసేశారు. ఆ సాయంత్రమే బస్తా మనిషి ఒకడు మా పొయ్యి మీదుగా దాటుకుని పోయాడు, ఎప్పటిలాగే. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మవారు ఇంకొన్నాళ్లు ఉంటే బాగుండుననిపించింది.

చాప మీద పడుకున్న తమ్ముడు నన్ను చూశాడు. వాడి మొహమంతా మచ్చలు.

“నాకు బాగైంది గదక్కా, ఎందుకేడుస్తా ఉండావు?” అన్నాడు.

సిగ్గుతో వాడి మొహంలోకి చూడలేకపోయాను.