నాయన కారులో తెల్ల దీపం

మా నాయన ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. నేసినవాళ్ల ఇంట్లో ఎప్పుడూ రంగు చూసేవాడు కాదు. మగ్గం పక్కన కూర్చుంటే మొహమాటం అడ్డొస్తుందట. చీర తీసుకొచ్చి, తన పాత అంబాసిడర్ వెనక సీట్లో తలుపేసుకుని, పైనున్న చిన్న దీపం కింద నమూనా దారం పక్కన పెట్టి చూసేవాడు. పెళ్లిళ్లలో చీరలను దీపాల కిందే కదా చూసేది అనేవాడు. రంగు కలిస్తే చీర మాది, లేకపోతే వెనక్కి.

పోయిన ఏడాది నుంచి తిప్పి పంపడం ఎక్కువైంది. ముఖ్యంగా నా చిన్నప్పటి నుంచీ మాకే నేస్తున్న ఒకాయన చీరలు. ఆయన ఒకరోజు నా దగ్గరికొచ్చి, "మీ నాయనకు నా మీద ఏమన్నా కోపమామ్మా? ఇంకోసారి తిప్పి పంపితే మగ్గం ఆపేస్తా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వెళ్లి నిలదీస్తే నాయన తప్పంతా కారు మీదికి తోసేశాడు.

"దీపం మసకబారింది. నేనేం చేసేది?"

ఆ సాకు కూడా లేకుండా చేద్దామని ఎల్‌ఈడీ బల్బు తెప్పించాను. మూత ఊడదీస్తే లోపలంతా దుమ్ము, చచ్చిన పురుగులు. పాత బల్బు లాగి కొత్తది బిగించాను. వెలగలేదు. వీటికి ప్లస్సు, మైనస్సు చూసుకోవాలని గుర్తొచ్చి తిప్పి పెడితే వెలిగింది. సీటు కుట్లలో ఇరుక్కున్న జరీ పోగులు కూడా కనిపించాయి. ఇక ఏం వంక పెడతాడో చూద్దామనుకున్నాను.

సాయంత్రం ఆ నేతగాడి ఇంటికే వెళ్లాం. నేరేడుపండు రంగు అంచు చీర. కారులో నాయన పక్కనే కూర్చున్నాను. అంచూ దారమూ నా కళ్లకు ఒక్కటే. నాయన మాత్రం దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు.

"పాత బల్బే పెట్టినావేమి పాపా? నల్లగానే కనపడతాండాది."

"కొత్తదే నాయనా. పైకి చూడు."

తలెత్తి చూశాడు. తెల్లటి వెలుగు మొహం నిండా పడింది. నా కోపం ఎటు పోయిందో, భయం వేసింది. బయట అరుగు మీద నిలబడి నేతగాడు కారు వైపే చూస్తున్నాడు.

నాయన చీర మడిచి, దారంతో సహా నా ఒళ్లో పెట్టాడు.

"నువ్వు చెప్పు. కలిసిందా?"

"కలిసింది నాయనా."

నాయన రెండు కళ్లూ నులుముకున్నాడు.

"పోయి ఆయప్పకు చెప్పు. ఇంతకుముందు తిప్పి పంపినవన్నీ కూడా తెమ్మను. నేను ఈడే కూర్చుంటా."