మూడు మేకపిల్లలూ, అన్నయ్య కోటూ

మా వదిన నలభై ఏళ్ళు బట్టలు కుట్టింది. వీధి మొగలో చిన్న కొట్టు, గోడకి నిలువుటద్దం, మెడలో టేపు. పెళ్ళికి పిలిస్తే ఆ టేపుతోనే వచ్చేది. చూపు మందగించాక కొట్టు మూసేసి, ఊరి చివరున్న చిన్న పొలంలో పొట్టి మేకల్ని పెంచడం మొదలుపెట్టింది. ఎంత ఎదిగినా మన మోకాలు దాటని మేకలవి. ఎందుకొచ్చిన గోల వదినా అంటే, "ఇవి బిగుతైంది, వదులైంది అని గొణగవే" అనేది.

ఆవిడకీ నాకూ ఒక్కటే పేచీ. మా అన్నయ్య పోయి మూడేళ్ళయింది. ఆయన గోధుమరంగు ఉన్ని కోటు, వదినే స్వయంగా కుట్టింది. దాన్ని బీరువాలో భద్రంగా దాచుకోవలసింది పోయి, తొడుక్కుని మేకల కొట్టం ఊడుస్తుంది!

"అది మనిషి గుర్తు వదినా!" అని నేను గింజుకునేదాన్ని.

"గుర్తుకి చలెయ్యదు, నాకేస్తుంది" అనేది. నెలకోసారైనా దీని మీద మాటా మాటా అనుకుని, ఆనక టీ తాగేవాళ్ళం.

చలి తగ్గి చెట్లు చిగుళ్ళేస్తున్న రోజుల్లో, ఒక పొద్దున్న ఫోను.

"ఏమే పిల్లా, దొరసాని ఈనింది! ముగ్గురు!"

నాకు అరవై రెండు. ఆవిడకి ఇంకా పిల్లనే. దొరసాని అంటే ఆవిడ నల్లమేక. అదే దానికి తొలి ఈత. ఉన్నపళంగా పరిగెత్తాను.

వెళ్ళేసరికి కొట్టమంతా గులాబీ సబ్బు ఘుమఘుమ. తువ్వాలు మీద మూడు పిల్లలూ తళతళలాడుతూ, తూలుతూ నిలబడున్నాయి. పెద్దవి రెండూ పిల్లికూనలంత, చిన్నది అందులో సగం.

"పుట్టగానే కోటు చేతులతో, అంచులతో తుడిచేశాను. ఆనక గోరువెచ్చటి నీళ్ళతో తలంటేశాను" అంది వదిన గర్వంగా. "మాసినదాన్ని ఎవరి చేతిలోనైనా పెట్టానటే నేను?"

నలభై ఏళ్ళ అలవాటు మరి. కుట్టిన బట్ట ఉతికి, ఇస్త్రీ చేస్తే గానీ ఇచ్చేది కాదు. నయం, పిల్లలకి ఇస్త్రీ చెయ్యలేదు.

తీరా చూస్తే దొరసానికి సరుకు నచ్చలేదు. ఒక్కో పిల్లనీ వాసన చూసి, తుమ్మి, తలతో అవతలికి నెట్టేసింది. అంతటితో ఊరుకుందా? వదిన వెంటపడి కోటు చేతులు నాకుతూ, ముద్దుముద్దుగా "మే" అని పిలవడం మొదలుపెట్టింది. ఆవిడ ఎటు తిరిగితే అటే. పీట మీద కూర్చుంటే పొదుగు తెచ్చి మోకాళ్ళకి ఆనించింది.

"చీ, అవతలికి పో! నేను కాదే నీ పిల్లని!" అని వదిన అరుస్తుంటే, నవ్వలేక నా పొట్ట చెక్కలైంది. అంతలో చిన్నపిల్ల కాళ్ళు మడిచి కూలబడింది. మళ్ళీ లేవలేదు.

పశువుల డాక్టరు ఫోనులోనే తలంటాడు. "తల్లి వాసనతోనే పిల్లని గుర్తుపడుతుందమ్మా! అదే కడిగేశారు! గంటలోపు ముర్రుపాలు పడకపోతే చిన్నది దక్కదు. నేను రావడానికి రెండు గంటలు పడుతుంది. పాలు పిండి పట్టండి. లేదంటే ఆ వాసనున్న గుడ్డేదైనా కప్పి చూడండి."

పిండబోతే దొరసాని తన్నిన తన్నుకి గిన్నె ఒకవైపు, నేను ఒకవైపు. వదిన ఒంటి మీది కోటు విప్పి పిల్లలకి రుద్దాం. సబ్బుదే పైచేయి. కోటు కప్పాం. పెద్దవి రెండూ కిందనుంచి జారుకున్నాయి, చిన్నది ఆ బరువుకి అణిగిపోయింది.

"ఒంటికి అతికినట్టుండాలి" అని, వదిన నా మొహంలోకి చూసింది. ఆవిడ ఏమంటోందో నాకర్థమైంది.

కత్తెర తెచ్చింది. తెచ్చి అలాగే నిలబడిపోయింది. "చెయ్యాడట్లేదే పిల్లా" అంది. కళ్ళనిండా నీళ్ళు.

కోటు కోసం మూడేళ్ళు యుద్ధం చేసినదాన్ని నేను. చిన్నదాని డొక్కలు ఎగసిపడుతున్నాయి. "ఇటివ్వు" అని కత్తెర లాక్కుని, మా అన్నయ్య కోటుని కసుక్కున కోసేశాను. నా గుండె కోసుకున్నట్టే అయింది.

"అయ్యో అయ్యో, అడ్డదిడ్డంగా అలాగేనా కొయ్యడం? గుడ్డంతా పాడు చేస్తున్నావు!" వదిన కత్తెర లాగేసుకుంది. ఇక చూడాలి ఆవిడ్ని! టేపు చిన్నదాని మెడకి చుట్టింది. "ఐదున్నర, రాసుకో!" నేను సూదిలో దారం ఎక్కించేలోపు కోటు చేతిలోంచి ముక్క కత్తిరించడం అయిపోయింది. నాలుగు పైకుట్లు వేసి, తలెత్తి, "కాజాలు తియ్యనా?" అంది.

"వదినా!"

తొడిగి తల్లి ముందు పెట్టాం. దొరసాని వాసన చూసింది. ఆగింది. మళ్ళీ చూసింది. ఆపైన నాకడం మొదలుపెట్టింది. చిన్నది వణుకుతూ లేచి, తడుముకుని, చన్ను నోట కరుచుకుంది. కాసేపటికి బుల్లి తోక టకటకా ఆడింది. వదిన నా భుజం మీద పడి భోరుమంది. నేను తక్కువేం తినలేదు.

పెద్దవాటికి కూడా కోట్లయ్యాయి. నాలుగు రోజులుగా మూడూ వాటితోనే గడ్డిమోపుల మీదకీ, నీళ్ళతొట్టి మీదకీ, వంగితే మా వీపుల మీదకీ గెంతుతున్నాయి. మా అన్నయ్య ఆ కోటు వేసుకుని కుర్చీలో కూలబడ్డాడంటే భోజనానికి కూడా పదిసార్లు పిలవాల్సొచ్చేది.

నిన్న పొద్దున్న వదిన చిన్నదాని వెనకాల పెరడంతా పరిగెత్తి, ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూర్చుంది.

"చూశావటే మీ అన్నయ్యని? ఉన్నన్నాళ్ళూ కుర్చీ వదల్లేదు. ఇప్పుడు పట్టుకుందామంటే దొరకట్లేదు" అంది.