ట్రంకు రోడ్డు మీద వడ్లు

నిన్న వెంకటాచలం దాటుతుంటే కారు కిటికీలోంచి వేడి తారు వాసన, దానితో కలిసి పచ్చి వడ్ల వాసన వచ్చాయి. ఆ రెండూ కలిస్తే నాకు రోడ్ల శాఖ ఓవర్సీరు సుందరరావు గారే గుర్తొస్తారు. ఆ వడ్ల సంగతి జరిగింది పంతొమ్మిది వందల అరవై రెండులో అని మా తమ్ముడు వాదిస్తాడు. కాదు, అరవై మూడు. ఆయన సెక్షన్ ఆఫీసులో నేను గుమాస్తాగా చేరిన ఏడు.

అప్పట్లో కోతలైతే ట్రంకు రోడ్డే అందరికీ కళ్ళం. సగం రోడ్డున వడ్లు ఆరబోసి, లారీలు తొక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చేవారు. సాయంత్రం వడ్లు ఎత్తుకుపోయేవారు, రాళ్ళు వదిలేసేవారు. అట్లాంటి రాయిని తప్పించబోయి ఒక బస్సు కాలువలోకి దిగింది. కండక్టరు చెయ్యి విరిగింది. ప్రమాదాలు తగ్గాలంటే రోడ్డు మీద గింజ కనబడకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నోటీసు నేనే రాశాను, అంటించడానికి ఆయన వెంట వెళ్ళాను.

కాలం కాని వాన పడి పొలాల్లో కళ్ళాలన్నీ బురదగా ఉన్నాయి. ఎండ తగలకపోతే వడ్లు మొలకెత్తిపోతాయి. రమణమ్మ అనే రైతు నోటీసు చదివించుకుని, "బాగుండాది సామీ. ఈ కాగితం మీద ఆరబోసుకోమంటారా?" అన్నది.

సుందరరావు గారు నవ్వలేదు. రోడ్డు పక్కన మా శాఖ కంకర దించే స్థలం వైపు చూశారు. రోలరు తొక్కిన గట్టి నేల అది. కంకరంతా ఒక మూలకు తోయించమని మేస్త్రీకి చెప్పి, "అమ్మా, ఇక్కడ పోసుకోండి. అయితే ఎవరి రాళ్ళు వాళ్ళు రోడ్డు మీద నుంచి ఏరుకొచ్చి చూపిస్తేనే గంప దించేది" అన్నారు.

"సర్కారు స్థలం గదండీ, ఇంజనీరు గారిని అడగొద్దా?" అన్నాను.

"అడిగితే వద్దంటారు. వద్దన్నాక చేస్తే తప్పు. ముందు వడ్లు ఆరనీ అమ్మాయ్."

వడ్లు ఇంకా ఆరుతుండగానే ఇంజనీరు గారి జీపు వచ్చి ఆగింది.

"ఎవరివయ్యా ఈ వడ్లు?"

"రోడ్డు మీదవండీ" అన్నారు సుందరరావు గారు.

ఇంజనీరు గారు రోడ్డు అటూ ఇటూ చూశారు. ఒక్క రాయి లేదు. "మెమో ఇస్తాను, జవాబు రాసుకో" అని జీపెక్కారు. వడ్లు తీయించమని మాత్రం అనలేదు.

మెమో వచ్చింది. దానివల్ల ఆ ఏడు రావలసిన ప్రమోషన్ సుందరరావు గారికి రాలేదు. నేను బాధపడితే, "రమణమ్మ వడ్లు మొలకెత్తలేదు, బస్సులు పోతున్నాయి. నీ లెక్కలో ఏం తగ్గిందో చెప్పు" అన్నారు. ఎన్ని రకాలుగా కూడినా తగ్గింది కనబడలేదు.

తర్వాత నేను సూపరింటెండెంటునయ్యాను. ఫలానా పని చేయరాదు అనే చిత్తుప్రతి ఏది నా బల్ల మీదికి వచ్చినా, సంతకం పెట్టకుండా అంచున ఒక్క మాట రాసి వెనక్కి పంపేదాన్ని: "మరి ఎక్కడ చేసుకోవాలి?"