దోస్తు ఇచ్చిన రేడియేటర్

బడిలో నేను మూడో తరగతి దాకా నడిచి ఆగిపోయాను. అక్కడి నుంచి ఎంతమంది నెట్టినా కదల్లేదు. అందుకే కాబోలు, పెద్దయ్యాక నాకు తగ్గ లారీయే దొరికింది. పల్లంలో నాకన్నా తెలివిగా పోయేది. గడ్డ ఎక్కాలంటే మాత్రం ఇద్దరం ఒకేలా పొగలు కక్కేవాళ్లం.

అది పాత మిలిటరీ లారీ. బాపు ఎద్దుల జతను అమ్మి కొనిచ్చాడు. అరవైల మొదట్లో దేవరకొండ దిక్కు ఊళ్ల నుంచి షాద్‌నగర్ స్టేషనుకు ఆముదాల బస్తాలు చేరవేసే కిరాయి మీదే దాని బతుకూ, నా బతుకూ. ఆ ఏడు సరుకు కొనే సేటు ముందే తేల్చి చెప్పాడు. మొదటి లోడు దారిలో ఆగకుండా స్టేషను చేరితేనే ఆ కాలం లోడ్లన్నీ నాకు, ఆగితే వేరే లారీ చూసుకుంటానని. ఆ లోడ్లు పోతే లారీని పాత ఇనుము కొనేవాడికి తూకానికి ఇవ్వాల్సిందేనని నాకూ తెలుసు, బాపుకూ తెలుసు.

ఆగడమేమో దాని అలవాటు. రేడియేటర్ కారేది. డ్రైవర్లమంతా చేసే వైద్యమే నేనూ చేసేవాణ్ణి. నీళ్లలో పసుపు కలిపి పోస్తే అది చిల్లుల్లో చేరి కొంతదూరం కాపాడేది. నా భార్య వంటింట్లో పసుపు డబ్బా వెతుక్కుంటూ, "గా లారీనే చేసుకోకపోయినవా, పసుపంత దానికే పూస్తున్నవ్" అనేది.

చివరికి పసుపుకూ లొంగని రోజు వచ్చింది. అప్పుడు నా దోస్తు ముందుకొచ్చాడు. ఇద్దరం ఒకే లారీ మీద క్లీనర్లుగా చేరి, ఒకే పళ్లెంలో అన్నం, ఒకే ఉస్తాదు చేత తిట్లు తిని డ్రైవర్లమైనవాళ్లం. వాడికీ ఒక లారీ ఉంది. తన ఇంటి వెనక ఒక రేడియేటర్ పడి ఉందని, తీసుకుపొమ్మని అన్నాడు. పోయి చూస్తే నల్లరంగుతో పెళ్లికొడుకులా నిగనిగలాడుతోంది.

పాత రేడియేటర్ ఎవరిచ్చినా, ఒక మూతికి గుడ్డ కుక్కి, రెండో మూతిలో గాలి ఊదుతూ నీళ్లలో ముంచి చూడాలి. బుడగలొస్తే చిల్లున్నట్టు. ఉస్తాదు మాకు నేర్పిన మొదటి పాఠం అదే. నేను దాన్ని ఎత్తుకుని బర్రెల తొట్టి వైపు నడిచాను కూడా. వెనక నుంచి వాడు, "ఏందిరా, పిల్లను గూడ నీళ్లల్ల ముంచి చూసినంకనే లగ్గం చేసుకున్నవా?" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఊరందరినీ ఆటపట్టించే నేను, నా మీద పడ్డ నవ్వుకు తట్టుకోలేకపోయాను. అదీగాక, కలిసి తిన్నవాడి సామానును నలుగురి ముందు ముంచి చూస్తే వాణ్ణి దొంగ అన్నట్టే. అలాగే సైకిలు మీద పెట్టుకుని వచ్చాను.

లారీలు బాగుచేసే మిస్త్రీని పిలవలేదు. లారీ ముందున్న జాలీ ఊడదీసి, పాత రేడియేటర్ అడుగు మూత విప్పితే వాకిలంతా పసుపు నీళ్లు పారి పెండ్లివారిల్లయింది. హోసు పైపులు రాయిలా అతుక్కుపోతే కోసి తీశాను. తుప్పు పట్టిన బోల్టులు కిరసనాయిలు తాగితే గానీ కదల్లేదు. కింద అరిగిపోయిన రబ్బరు ముక్కల స్థానంలో పాత టైరు కోసి పెట్టాను. ఫ్యాను రెక్కలకు తగలకుండా రేడియేటర్‌ను దించాలంటే ఇద్దరు కావాలి. రెండో వైపు నా భార్య పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే ముక్కు దాని దగ్గరికి వంచి, "గిది సబ్బు వాసన కొడ్తాంది" అంది.

నాకు రంగు వాసన తప్ప ఏమీ రాలేదు. "మా దోస్తు తానం చేయించి పంపిండు. నువ్వు గూడ అప్పుడప్పుడు చెయ్యరాదు" అన్నాను. ఆమె తన వైపు బరువు దించింది. కొత్త హోసులను వేడినీళ్లలో మెత్తబరిచి, ఆముదం రాసి తొడిగి, క్లిప్పులు బిగించాను. నీళ్లు పోసి ఇంజను కాసేపు తిప్పి చూస్తే చుక్క కారలేదు.

మర్నాడు మొదటి లోడెత్తుకుని బయల్దేరాను. ఏ బావి దగ్గరా ఆగకుండా పోతుంటే, నీళ్లు చేదే ఆడవాళ్లు లారీకి రోగం తగ్గిందా అన్నట్టు చూశారు. ఆమనగల్లు ఇంకా రాలేదు, గడ్డ ఎక్కుతుంటే అద్దం మీద తెల్లటి నురగ పడింది. దిగి చూస్తే, లారీ క్షవరానికి కూర్చున్న మనిషిలా ఉంది. గడ్డమంతా నురగ. నిజంగానే నవ్వాను. చల్లారాక రేడియేటర్ రంగు మీద గోరుతో గీకాను. అతుకు పొడుగునా బట్టల సబ్బు కూరి, పైన నల్లరంగు పూసి ఉంది. చల్లటి నీళ్లకు నిలిచి, మరిగిన నీళ్లకు కరిగింది.

అప్పటికీ నా మనసు వాణ్ణే వెనకేసుకొచ్చింది. పాపం, వాడికీ ఎవరో అంటగట్టి ఉంటారనుకున్నాను. అంతలో వెనక నుంచి వాడి లారీ వచ్చింది. లారీ ఖాళీ. కానీ వెనక బస్తాలెత్తే హమాలీలు కూర్చుని ఉన్నారు. ఎత్తడానికి బస్తా లేని దారిలో హమాలీలతో ఎవరికేం పని? సబ్బును చూసి కూడా నమ్మనిది వాళ్లను చూసి నమ్మాను.

"అరే, ఏమైందిరా?" అన్నాడు, దిగకుండానే.

"నువ్వే చెప్పాలె" అన్నాను.

వాడు నురగ వైపు చూడలేదు. సేటు ఫికర్ పడతాడని, సరుకు తాను చేరుస్తానని చెప్పి హమాలీలకు సైగ చేశాడు. నా లారీలోని బస్తాలు వాడి లారీలోకి పోతుంటే పక్కన నిలబడ్డాను. పోతూ పోతూ వాడు తన నీళ్ల డబ్బా దించి నా కాళ్ల దగ్గర పెట్టాడు. అదే నన్ను ఎక్కువ కాల్చింది.

ఆ కాలమంతా ఆముదాలు వాడి లారీలోనే పోయాయి. నా లారీ తూకానికి పోయింది. తర్వాత ఎదురుపడితే పలకరించేవాడు, నేనూ ఏదో ఒకటి అని నవ్వించేవాణ్ణి. కలిసి తినడం మాత్రం మళ్లీ జరగలేదు.

లారీ ఆగిన ఆ రోజు, ఆమనగల్లు నుంచి బస్సులో ఇంటికొచ్చేసరికి ఒళ్లంతా మసీ దుమ్మూ. నాకన్నా ముందే కబురు చేరింది. బాపు ఖాళీ కొట్టం వైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన్ను దాటుకుని వంటింట్లోకి పోయి, నా భార్య ముందు గడ్డం గీయించుకునే లారీ వేషం కట్టాను. గడ్డానికి నురగ పట్టించుకుంటున్నట్టు చేతులు తిప్పాను. నవ్వితే కొంత బరువు దిగుతుందని.

ఆమె నవ్వలేదు. పొయ్యి మీది కాగు చూపించి అంది:

"నీళ్లు కాగినయ్, పోయి తానం చెయ్. సబ్బు గావాల్నంటే నీ దోస్తునడుగు."