బోనులో దొరికిన దొంగ

నిన్న కొత్తగూడెంలో ఇనుప సామాన్ల కొట్టు ముందు ఒక బోను కనబడగానే దుమ్ముగూడెంలోని మా పెరడు గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. అమ్మ పెంచే కోడిపిల్లలు రాత్రికొకటి మాయమవుతున్నాయి. అందులో ఒకదాన్ని మాత్రం, పొరుగింటి మరియ అడిగితే కాదనలేక, ఎవరికీ చెప్పకుండా నేనే ఇచ్చాను. ఒక సాయంత్రం నాన్న బోనులో ఎండుచేప కడుతూ, "ఈ రాత్రికి దొంగ దొరుకుతది, చూడు" అన్నాడు. ఎండుచేపంటే నాకు ప్రాణమని ఆయనకు తెలుసు. ఆ బోను నా కోసమే అనుకుని, అమ్మ కొంగు గట్టిగా పట్టుకుని పడుకున్నాను.

తెల్లవారి లేచి చూస్తే బోనులో బావురుపిల్లి బుసలు కొడుతోంది.

"అమ్మా, దొంగ ఇదేనా?"

"అవ్, ఇదే. నువ్వెందుకు ఏడుస్తున్నవే?"

నేను మరియకిచ్చిన పిల్ల సంగతి చెప్పేశాను. అమ్మ నవ్వింది.

"గది నాకు ఎరుకే. వాళ్లమ్మ గా రోజే వచ్చి చెప్పింది. ఉంచుకోనియ్ అని నేనే అన్న."

నాన్న బోనును సైకిల్‌కు కట్టి, నన్ను ముందు కూర్చోబెట్టుకుని అడవిలోకి తీసుకెళ్లాడు. తలుపు తీయగానే పిల్లి పొదల్లోకి దూకింది. నేను చప్పట్లు కొట్టాను.

అమ్మ అన్ని రోజులూ నన్నెందుకు అడగలేదో అప్పుడు తోచలేదు. నా అంతట నేనే చెప్తానని ఎదురుచూసిందేమో.